వాకిలి దాటాకే ఫోను

మా నాయనమ్మ నిద్ర లేవగానే తలుపు తీసి వాకిట్లోకి వచ్చేది. కళ్లాపి చల్లి, తడి ఆరకముందే ముగ్గు పెట్టేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారుతుంటే ఒక్క చుక్క కూడా వరస తప్పేది కాదు. ముగ్గు పూర్తయ్యేసరికి తూర్పు తెల్లబడేది. కాఫీ అయినా, కబుర్లు అయినా ఆ తరువాతే.

షికాగో శివార్లలో నా పొద్దు మొన్నమొన్నటి వరకు ఫోనుతో మొదలయ్యేది. ఈ బెడద మనకు ఇక్కడివాళ్లకంటే ఎక్కువ. మనం నిద్రపోయినంతసేపూ ఇండియా మేలుకునే ఉంటుంది. చలికాలంలో మన ఉదయం 6:30 అంటే అక్కడ సాయంత్రం 6 గంటలు. ఒక పగలంతటి వాట్సాప్ సందేశాలు, పెళ్లి కబుర్లు, అనారోగ్యాలు, ఆఫీసు మెయిళ్లు దిండు పక్కన పోగుపడి ఉంటాయి. పక్క దిగకముందే అరగంట గడిచిపోతుంది, మనసు అలసిపోతుంది.

నేను మార్చుకున్నది కొంచెమే. ఫోను వంటగదిలో పెట్టి పడుకుంటున్నాను. అమ్మానాన్నల ఫోను మాత్రం మోగేలా ఉంచాను, ఆ భయం మనందరికీ ఉన్నదే. లేచాక, వెలుతురు వచ్చాక, పది నిమిషాలు బయట నడిచి వచ్చాకే దాన్ని ముట్టుకుంటాను. జనవరి మొదట్లో ఇక్కడ సూర్యోదయం 7:15 దాటాకే. కోటు జేబుల్లోంచి చేతులు తీయబుద్ధి కాదు. అయినా, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయటి వెలుతురు మన గదుల్లోని దీపాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన ఒంటిలోని గడియారం ముఖ్యంగా ఆ వెలుతురుతోనే సరిదిద్దుకుంటుంది. అది కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. కొన్ని వారాలకు మధ్యాహ్నం సమావేశాల్లో నాకు కళ్లు మూతలు పడటం తగ్గింది. నడక ముగించి, కాఫీ కలుపుకుని అమ్మకు ఫోను చేస్తే అప్పటికి అక్కడ దీపం పెట్టే వేళ దాటి ఉంటుంది. ఇప్పుడు ఆమె చెప్పేది పూర్తిగా వింటున్నాను. ఆ మార్పును ముందు గమనించింది అమ్మే.

బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని, నాలుగింటికల్లా పక్క దిగమని మన గ్రూపుల్లో సలహాలు తిరుగుతుంటాయి. నేను ఒప్పుకోను. చలికాలంలో ఇక్కడ రాత్రి 9:30 అయితే హైదరాబాద్‌లో ఉదయం 9. అక్కడి బృందంతో మాట్లాడి పదకొండున్నరకు పడుకున్న మనిషిని నాలుగింటికి లేవమనడం అన్యాయం. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. నాయనమ్మ చీకటితోనే లేచేదంటే, పొద్దుగూకిన కాసేపటికే భోజనం ముగించి పడుకునేది. ఆ సగాన్ని వదిలేసి ఈ సగాన్ని పట్టుకుంటే ఒళ్లు గుల్లవుతుంది.

అందుకే ఇక్కడి మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. కార్యవర్గ సమావేశాలు పనిరోజుల్లో రాత్రి 9:30కి మొదలై పదకొండు దాటుతున్నాయి. పిల్లల నాటకాల సాధన ఆదివారం రాత్రి పెడుతున్నాం. మర్నాడు బడి బస్సు కోసం నిలబడిన ఆ పిల్లలు తూగుతుంటే చూశాను. రెండింటినీ శనివారం ఉదయం 9 గంటలకు మార్చుదాం. ఉగాది సాధన మొదలయ్యేలోపే ఈ నిర్ణయం జరగాలి. అసలే మార్చి రెండో ఆదివారం ఇక్కడ వేసవి సమయం మొదలై, గడియారం గంట ముందుకు జరిగి పిల్లల నిద్రలో మరో గంట కోసేస్తుంది.