కొరత చల్లగా ఉండాలి

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట కాల్చుకోవడానికి నిప్పడిగినవాణ్ణి మన పెద్దలు అనవసరంగా ఆడిపోసుకున్నారు. ఆర్థిక దృష్టితో చూస్తే ఆ వీధిలో అవకాశాన్ని గుర్తించినవాడు అతడొక్కడే. అతడి వారసులు ఇప్పుడు అమెరికాలో ఆసుపత్రులకు నర్సులనూ డాక్టర్లనూ సరఫరా చేసే కంపెనీల్లో వాటాలు కొంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది వారిలో ఒకడు. నన్నూ కొనమని పోరుతున్నాడు కాబట్టి, ఈ వ్యాపారంలోని ధర్మసూక్ష్మాలను తెలుసుకున్నంత మేరకు విన్నవిస్తాను.

మనకిది కొత్త విద్య కాదు. పాలమూరు నుంచి కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీని ఎరగనివారెవరు? కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు పుచ్చుకుంటాడు, కూలీ చేతిలో కొంత పెడతాడు, మధ్యలో మిగిలింది తనది. ఆ మేస్త్రీకి టై కట్టి స్టాక్ ఎక్స్ఛేంజీ ఎక్కిస్తే స్టాఫింగ్ కంపెనీ తయారవుతుంది. కాకపోతే మేస్త్రీ కూలీలతో పాటు వెళ్లి ఆ గుడిసెల్లోనే పడుకునేవాడు. వాటాదారుకు ఆ ఇబ్బంది లేదు.

కోవిడ్ రోజుల్లో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. ఈ ఆసుపత్రిలో పర్మనెంటు నర్సు రాజీనామా చేసి, ఏజెన్సీలో చేరి, పక్క ఊరి ఆసుపత్రికి పదమూడు వారాల ఒప్పందం మీద రెండు మూడు రెట్ల జీతానికి వెళ్లేది. అక్కడి నర్సు అలాగే ఇక్కడికి వచ్చేది. వచ్చిన మొదటి రాత్రి ఐవీ సెట్లు ఏ సొరుగులో ఉన్నాయో తెలియక, తనలో సగం జీతమైనా రాని పాత నర్సును అడిగేది. ఆమె పళ్లు బిగబట్టి చూపించేది. దేశంలో నర్సు ఒక్కరు కూడా పెరగలేదు, బిల్లు పెరిగింది. దీన్నే పెద్దలు విలువను సృష్టించడం అంటారు. 2022 జనవరిలో దాదాపు 200 మంది అమెరికా చట్టసభ సభ్యులు ఈ ఏజెన్సీల సంగతి విచారించమని వైట్‌హౌస్‌కు లేఖ రాశారు. అసూయ ఎంతటివారినైనా వదలదు.

విదేశీ నర్సుల విభాగంలో దూరదృష్టి మరింత కనిపిస్తుంది. న్యూయార్కులో ఫిలిప్పీన్స్ నర్సులు గడువుకు ముందే మానేస్తే 25,000 డాలర్ల దాకా కట్టాలని ఒప్పందం రాయించుకున్నారు. మన మేస్త్రీ అడ్వాన్సుతో కట్టేసేవాడు, వీరు పైసా ఇవ్వకుండా జరిమానాతో కట్టేశారు. నాగరికత అంటే అది. కానీ 2019లో ఫెడరల్ న్యాయమూర్తి ఒకరు ఇది మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టానికి విరుద్ధమని తేల్చేశారు. కోర్టులకు వ్యాపారం అర్థం కాదు.

ఇక డాక్టర్ల కథ. 2022కు ముందు సంగతి చెబుతున్నాను. గుండె నొప్పితో రోగి తన బీమా చెల్లే ఆసుపత్రికే వెళ్లేవాడు. ఎమర్జెన్సీలో చూసిన డాక్టరు మాత్రం స్టాఫింగ్ కంపెనీ మనిషి, ఆయనకు ఆ బీమా చెల్లేది కాదు. ఇంటికొచ్చాక వేరే బిల్లు వచ్చేది. అంబులెన్సులో పడుకుని 'అయ్యా, మీరు ఏ నెట్‌వర్కు?' అని అడగని రోగిది తప్పు కాదా? ఆసుపత్రులకు డాక్టర్లను సరఫరా చేసే ఎన్విజన్ హెల్త్‌కేర్ అప్పట్లో ఈ రంగంలో దిట్ట. 2018లో కేకేఆర్ (క్రికెట్ జట్టు కాదు, పెట్టుబడి సంస్థ) దాన్ని సుమారు 990 కోట్ల డాలర్లకు కొన్నది. అందులో పెద్ద భాగం అప్పు. ఆ అప్పు కొన్నవాడి నెత్తిన కాక కంపెనీ నెత్తినే పడింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే మనవాళ్లు నవ్వారు గానీ, అత్త పేరనే అప్పు తెచ్చి అత్త ఇంటినే కొనవచ్చని మన అల్లుళ్లకు తోచలేదు.

అంతలో ఇలాంటి బిల్లులను ఆపే చట్టం చేస్తామన్నారు. 2019లో 'డాక్టర్ పేషెంట్ యూనిటీ' అనే ముచ్చటైన పేరుతో దానికి వ్యతిరేకంగా 2.8 కోట్ల డాలర్లకు పైగా ప్రకటనలు వెలువడ్డాయి. ఆ ఐకమత్యానికి డబ్బు పెట్టిన ప్రముఖుల్లో ఎన్విజన్, అలాంటిదే మరో కంపెనీ టీమ్‌హెల్త్ ఉన్నాయని తరువాత తెలిసింది. రోగులు చందా ఇచ్చినట్టు ఎక్కడా కనబడలేదు. అయినా 2022 జనవరి 1న చట్టం అమలులోకి వచ్చింది. 2023 మే నెలలో ఎన్విజన్ 700 కోట్ల డాలర్లకు పైబడిన అప్పుతో దివాలా పిటిషను వేసింది.

నర్సుల వ్యాపారానికీ ఎండదెబ్బ తగిలింది. నర్సులను సరఫరా చేసే ఏఎంఎన్ హెల్త్‌కేర్ ఆదాయం 2022లో సుమారు 524 కోట్ల డాలర్లుంటే 2024కు 300 కోట్లలోపుకు దిగింది. కోవిడ్ తగ్గింది, ఆసుపత్రులు సొంత మనుషులను పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇంతకన్నా పెద్ద ఉపద్రవం ఏముంటుంది?

మా బావమరిది భార్య అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. ఒకప్పుడు రాత్రి డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతూ, 'ఈ రోజూ ఇద్దరు తక్కువ' అనేది. వాడు ఫోనులో వాటా ధర చూసుకుని కాఫీ కలిపి ఇచ్చేవాడు. మొన్న వార్డులో ఖాళీలన్నీ నిండాయట. చాలా నెలల తరువాత ఆదివారం సెలవు దొరికిందని ఆమె గారెలు వండింది. వాడు ముట్టలేదట.