సర్వర్ తప్పులకు బ్రౌజర్ సర్దుకుపోవాలా?

సర్వర్ ఎంత తప్పుగా జవాబిచ్చినా ఎలాగోలా సర్దుకుని పేజీ చూపించేదే మంచి బ్రౌజర్ అనీ, ఇంటర్నెట్ నియమాలు రూపొందించినవాళ్ళలో ఒకరైన జాన్ పోస్టెల్ ఏనాడో చెప్పింది కూడా అదేననీ, నిబంధనల పేరుతో పేజీ ఆపేస్తే నష్టపోయేది వాడుకరులేననీ ఒక వాదన బాగా చెలామణీలో ఉంది. అందులోని మూడు మాటలూ నిలిచేవి కావు.

మొదట పోస్టెల్ సంగతి. పంపేటప్పుడు జాగ్రత్తగా, అందుకునేటప్పుడు ఉదారంగా ఉండమని ఆయన 1981 నాటి టీసీపీ (కంప్యూటర్ల మధ్య డేటాను చేరవేసే పద్ధతి) ప్రమాణంలో రాసిన మాట నిజమే. అయితే ఆ సూత్రాన్నే వివరించిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1122 (1989), వీలైనంత హాని చేసేలా ప్యాకెట్లు (డేటా తునకలు) తయారుచేసి పంపేవాళ్ళతో నెట్‌వర్క్ నిండి ఉందని అనుకునే సాఫ్ట్‌వేర్ రాయమంటుంది. ఈ హెచ్చరికను వదిలేసి ఔదార్యాన్ని మాత్రమే ఉటంకించడం ఆయనకు అన్యాయం చేయడమే.

ఇక సర్దుకోవడం. ఒకే జవాబులో, దాని పొడవు ఎన్ని బైట్లో చెప్పే కంటెంట్-లెంగ్త్ హెడర్ (జవాబు మొదట్లో ఉండే వివరాల వరుస) రెండుసార్లు వచ్చి, ఒకచోట 40 అనీ మరోచోట 90 అనీ ఉందనుకుందాం. మధ్యలో ఉండి అభ్యర్థనలూ జవాబులూ అందించే ప్రాక్సీ మొదటి అంకెను నమ్మితే 40 బైట్లకే జవాబు అయిపోయిందనుకుని, మిగిలిన 50 బైట్లను అదే కనెక్షన్‌లో తర్వాతి అభ్యర్థనకు జవాబుగా అంటగట్టే ప్రమాదం ఉంది. ఆ అభ్యర్థన ఇంకెవరిదో కావచ్చు. అందుకే ఆర్‌ఎఫ్‌సీ 9112 (2022) అలాంటి జవాబును పారేసి కనెక్షన్ మూసేయమని బ్రౌజర్‌ను ఆదేశిస్తోంది. హెడర్ వరుస చివర వరుస ముగిసిందని చెప్పే సీఆర్, ఎల్ఎఫ్ అనే గుర్తులు రెండూ పంపాల్సిన సర్వర్ ఒక్క ఎల్ఎఫ్ పంపితే సరిపెట్టుకోవచ్చని చెప్పేదీ ఆ పత్రమే. ఎక్కడ సర్దుకోవచ్చో అందరికీ తెలిసేలా రాసిపెట్టాక, మిగతా చోట్ల బ్రౌజర్ సొంతంగా ఊహించడాన్ని ఔదార్యం అనలేం.

వాడుకరి నష్టం గురించిన మాటే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. బ్రౌజర్ టీఎల్ఎస్ (కనెక్షన్‌ను ఇతరులు చదవకుండా గుప్తీకరించే పద్ధతి) కొత్త వెర్షన్ ప్రతిపాదిస్తే, అది తెలియని సర్వర్ తనకు తెలిసిన వెర్షన్‌తో బదులివ్వాలన్నది నియమం. కొన్ని సర్వర్లు అలా చేయకుండా కనెక్షన్ తెంపేసేవి. వాటిపై జాలిపడి బ్రౌజర్లు ఒక్కో మెట్టూ దిగుతూ, చివరికి టీఎల్ఎస్‌కు ముందున్న, గుప్తీకరణలో లోపమున్న 1996 నాటి ఎస్ఎస్ఎల్ 3.0తో కూడా ప్రయత్నించేవి. దారిలో కాపు కాసినవాడికి ఇంకేం కావాలి? మంచి సర్వర్‌తో జరిగే కనెక్షన్‌ను తానే పదేపదే తెంపి, బ్రౌజర్‌ను ఆ చివరి మెట్టుకు దించగలడు. 2014 అక్టోబరులో గూగుల్ పరిశోధకులు బయటపెట్టిన పూడిల్ దాడి ఇదే: సగటున 256 అభ్యర్థనలకు ఒక బైటు చొప్పున లాగిన్ కుకీని (వాడుకరి లాగిన్ అయ్యాడని సర్వర్‌కు చెప్పే చిన్న డేటాను) చదివేయవచ్చు. తప్పు చేసిన సర్వర్లు కొన్ని; ముప్పు మాత్రం నియమం పాటించినా ఎస్ఎస్ఎల్ 3.0ను ఇంకా తీసేయని సర్వర్ల వాడుకరులకూ చుట్టుకుంది. ఆ తర్వాతి నెలలో వచ్చిన క్రోమ్ 39, ఎస్ఎస్ఎల్ 3.0కు దిగడం మానేసింది.