నడిచే వాచీని బాగుచేయడం గురించి

చెడిపోయిన వాచీని బాగుచేయడంలో గొప్పేమీ లేదు. బస్టాండు పక్కన గాజుపెట్టె పెట్టుకుని కూర్చున్న ఎవరైనా ఆ పని చేస్తారు. యాభై ఏళ్ళుగా నిక్షేపంగా నడుస్తున్న వాచీని విప్పి, దానికి లేని లోపాలు కనిపెట్టి, వాటిని సరిదిద్దడమే అసలైన విద్య. ఈ విద్యను ఆదివారాల్లో అభ్యసిస్తున్న మాలాంటివాళ్ళకు సమాజంలో తగిన గౌరవం దక్కడం లేదన్న ఆవేదనతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంట్లో కూడా దక్కడం లేదు కానీ, అది వేరే సంగతి.

ముందు ఆ వాచీ గురించి చెప్పాలి. అది మా నాన్నగారి హెచ్ఎంటీ జనతా. పెళ్ళిలో తాతయ్య ఆయనకు పెట్టిన మూడు వస్తువుల్లో ఒకటి. సైకిలు దొంగలపాలైంది. రేడియో పెట్టె చెదలపాలైంది. వాచీ ఒక్కటే ఏ పాలూ కాకుండా, నాకు ఈ హాబీ పట్టుకునే దాకా మిగిలింది. రోజూ స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వాచీకి కీ ఇవ్వడం నాన్నగారి నిత్యకృత్యం. ఆ వరస ఒక్కరోజు తప్పినట్టు నాకు గుర్తులేదు.

ఈ తరం పిల్లల కోసం నాలుగు ముక్కలు. జపాన్‌కు చెందిన సిటిజెన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో ప్రభుత్వ సంస్థ హెచ్ఎంటీ (హిందుస్థాన్ మెషీన్ టూల్స్) వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. ఆ రోజుల్లో ఉద్యోగం వచ్చినవాడి చేతికి, పెళ్ళయినవాడి చేతికి, రిటైరైనవాడి చేతికి అదే వాచీ. డయలు మీద '17 జ్యువెల్స్' అని ఉంటే, లోపల పదిహేడు కెంపులున్నాయని మా మేనత్త ఊరంతా చెప్పేది. చెప్పింది అబద్ధమేమీ కాదు. కాకపోతే అవి చక్రాల ఇరుసులు అరగకుండా తిరగడానికి అమర్చే రాళ్ళు, కొలిమిలో పుట్టిన కెంపులు. 1902లో వెర్నాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కెంపుల్ని తయారుచేసే పద్ధతిని లోకానికి చెప్పినప్పటినుంచి వాచీల్లో రాళ్ళకు కొదవలేకుండా పోయింది. ఇక 2016లో కేంద్రం హెచ్ఎంటీ వాచీలకు స్వస్తి చెప్పాలని నిర్ణయించింది. అంతపెద్ద ప్రభుత్వానికి అన్నేళ్ళు పట్టిన పనిని నేను ఒక మనిషిని, ఒక స్క్రూడ్రైవరుతో, మూడు ఆదివారాల్లో ముగించాను. ప్రైవేటు రంగం సమర్థత గురించి ఇంకా ఎవరికైనా అనుమానాలుంటే తీరిపోవాలి.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం?" అని అడిగే ఛాందసులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మా ఇంట్లో ముగ్గురున్నారు. వాళ్ళకు నా సమాధానం బియ్యం. తెలంగాణలో ఏ కిరాణా కొట్టుకు వెళ్ళినా హెచ్ఎంటీ బియ్యం దొరుకుతాయి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు తన పొలంలో వేసిన పాత రకం వరిలో తేడాగా ఉన్న కొన్ని వెన్నుల్ని గమనించి, వాటిని వేరుచేసి, ఏళ్ళ తరబడి సాగుచేసి ఆ రకాన్ని తీశాడు. అప్పట్లో అందరి చేతులకూ ఉన్న వాచీ పేరే దానికి పెట్టారు. అంటే ఉన్నదాన్ని మెరుగుపరచడమన్నది హెచ్ఎంటీ అన్న పేరులోనే ఉంది. ఆ రైతు ఏళ్ళ తరబడి ఓపికపట్టి, ఉన్న పంటను పాడుచేయకుండా చేశాడు కదా అని మీరనవచ్చు. నిజమే. ఆయనకు నాలాగా సోమవారం ఆఫీసు లేదు.

ఇంకో ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. జార్జ్ డేనియల్స్ అనే మహానుభావుడు కంపెనీలు చేసిన వాచీలను విప్పి, అందులో గుండెకాయలాంటి భాగాన్ని తీసేసి, తాను కనిపెట్టిన కోయాక్సియల్ ఎస్కేప్‌మెంట్‌ను అమర్చి, స్విస్ కంపెనీల గుమ్మాల చుట్టూ తిరిగాడు. చివరికి 1999లో ఒమేగా దాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆయన వాచీని మొదటినుంచి చివరిదాకా సొంత చేతులతో తయారుచేయగల మనిషి. నేను వాచీని మొదటినుంచి చివరిదాకా విప్పగల మనిషిని. ఆయన దారిలో సగం నడిచినట్టే.

పనిముట్ల విషయంలో మేం ఎవరికీ తీసిపోము. కంటికి భూతద్దం, మూడు సైజుల చిమ్టాలు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి అన్నీ ఉన్నాయి. విప్పిన సామాన్లు కలిసిపోకుండా పెట్టుకోవడానికి విదేశాల్లో గుంటలున్న ట్రేలు అమ్ముతారట. మనకు తరతరాలుగా ఇడ్లీ ప్లేటు ఉంది. ఒక గుంటలో కీ సామాను, ఒకదాంట్లో చక్రాలు, ఒకదాంట్లో బ్యాలెన్సు, నాలుగోదాంట్లో ఎక్కడివో తెలియనివి. తిరిగి బిగించేటప్పుడు నాలుగో గుంటే ఎక్కువ నిండి ఉండటం ఈ విద్యలోని రహస్యాల్లో ఒకటి. ఆ ప్లేటును ఇప్పుడు శాశ్వతంగా నాకే ఇచ్చేశారు. మా ఇంట్లో వాయికి నాలుగు ఇడ్లీలు తగ్గాయి.

మొదటి సంస్కరణ, మరలకు నీలం రంగు. ఖరీదైన వాచీల్లో మరలు నెమలికంఠం రంగులో మెరుస్తుంటాయి. అది పూసిన రంగు కాదు. ఉక్కును శుభ్రంగా మెరుగుపెట్టి మెల్లగా వేడిచేస్తే ముందు గడ్డిరంగు వస్తుంది, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత వంగపండు రంగు, సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం. నాలుగు క్షణాలు ఆలస్యమైతే నీలం వెలిసిపోయి బూడిదరంగులోకి దిగుతుంది. వేడి సమంగా తగలాలని ఇత్తడి రజను మీద పెట్టి కాలుస్తారు. ఆ రజను పోయడానికి పోపు గరిటె కంటే తగిన పాత్ర ప్రపంచంలో లేదు. ఉల్లిపాయలు వేయించేవాళ్ళకు ఈ పని వెన్నతో పెట్టిన విద్య. నేను ఎన్నడూ ఉల్లిపాయలు వేయించలేదు. అయినా అయిదింటిలో రెండు మరలు నీలంగా వచ్చాయి. ఒకటి వంగపండు. ఒకటి బూడిద. అయిదోది నీలమైందో లేదో తెలియదు, పోపు గరిటె తోమినప్పుడు సింకులోంచి వెళ్ళిపోయింది.

వాచీని తిప్పి వెనక మూత తెరిస్తే తప్ప ఈ మరలు కనపడవని, ఆ మూత ఉక్కుదని మా ఆవిడ ఎత్తిచూపింది. అందం కనపడాలనుకోవడం పామరుల లక్షణం.

రెండో సంస్కరణ వాచీని అస్థిపంజరం చేయడం. కంగారుపడకండి, స్కెలిటన్ వాచీ అంటే అదే. చక్రాలను పట్టి ఉంచే లోహపు పలకల్ని అవసరమైనంత మేర మిగిల్చి, మిగతాది సన్నని రంపంతో కోసేస్తే లోపల చక్రాలు తిరగడం కనిపిస్తుంది. "అవసరమైనంత మేర" అన్నది ఎంతో కోసేసిన తర్వాతే తెలుస్తుంది. కోసిన చోట పైపూత పోయి ఇత్తడి పచ్చగా బయటపడుతుంది. మొత్తం మీద ఎలుకలు కొరికిన బిస్కెట్టులా ఉందని మా అబ్బాయి అన్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు, కళ గురించి ఇంకా తెలియదు.

ఇక్కడ ఒక పిట్టకథ. ముంబయిలో పాత హెచ్ఎంటీలకు ఆకుపచ్చ, నారింజ రంగుల్లో కొత్త డయళ్ళు వేసి అమ్మేవాళ్ళున్నారు. వాచీలు సేకరించే పెద్దమనుషులు వాటిని చూసి మూతి తిప్పుకుంటారు. నేనూ తిప్పుకుంటాను. వాళ్ళు పాత వాచీని మార్చి నాలుగు డబ్బులు సంపాదిస్తారు, అది వ్యాపారం. మేము పాత వాచీని మార్చి నాలుగు డబ్బులు పోగొట్టుకుంటాం, అది కళ. ఈ సున్నితమైన తేడా బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

మూడో ఆదివారం బిగింపు. జనతా డయలు మీద పారాషాక్ అని రాసి ఉంటుంది, అంటే కుదుపులకు తట్టుకుంటుందని. 1956లో సిటిజెన్ కంపెనీ ఆ ఏర్పాటు గట్టిదనం నిరూపించడానికి వాచీలను హెలికాప్టర్ నుంచి కింద పడేసి చూపించింది. హెలికాప్టర్ సరే, డైనింగ్ టేబుల్ దగ్గర నన్ను కూర్చోబెట్టి పరీక్షించాల్సింది. కీ ఇచ్చాక మెయిన్ స్ప్రింగు వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచే బుల్లి తీగ స్ప్రింగు ఒకటి ఉంటుంది. చిమ్టాతో దాన్ని పట్టుకున్నాను. 'టింగ్' అని వినిపించింది. ఈ హాబీ ఉన్నవాళ్ళందరికీ ఆ శబ్దం తెలుసు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం కూడా తెలుసు.

గంటన్నర సేపు ఇంటిల్లిపాదీ నేల మీద పాకారు. చివరికి నాకే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తీసి నేలంతా తుడిచాను. స్ప్రింగు దొరికింది. దానితోపాటు మూడు గుండుసూదులు, మా అమ్మాయి పోగొట్టుకున్న హెయిర్‌పిన్ను కూడా దొరికాయి. అయస్కాంతాన్ని జేబులో వేసుకుని, అదే జేబులో చిమ్టా పెట్టుకుని, విజయగర్వంతో పని పూర్తిచేశాను.

వాచీ నడిచింది! ఆ క్షణం గురించి రాయడానికి నా దగ్గర మాటల్లేవు. వేగం గురించి మాత్రం లెక్కలున్నాయి. ఈ వాచీ సెకనుకు అయిదుసార్లు కొట్టుకోవాలి. గంటకు 18,000. ఇరవై నాలుగు గంటలకు 4,32,000. ఆ అంకె ఎక్కడో విన్నట్టుందా? కలియుగం ఆయుర్దాయం అన్నే ఏళ్ళు. అంటే నాన్నగారు రోజూ పొద్దున్న కీ ఇచ్చి చేతికి కట్టుకున్నది ఒక సంపూర్ణ కలియుగం. బెంగళూరు ఇంజనీర్లకు ఈ సంగతి తెలుసో లేదో కానీ, నాకు తెలిసి ఒళ్ళు గగుర్పొడిచింది. ఉన్న చిక్కల్లా అయస్కాంతం తగిలిన చిమ్టాతో ముట్టుకునేసరికి, వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదాన్నొకటి అంటుకున్నాయి. చుట్లు అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, పొట్టిదైతే వాచీ పరిగెడుతుంది. నా సంస్కరణల తర్వాత అది రోజుకు పన్నెండు నిమిషాలు ముందుకు పోతోంది. కలియుగం 3,600 ఏళ్ళు ముందే ముగుస్తోందన్నమాట. ఇప్పుడున్న పరిస్థితుల్లో దీన్ని ఎవరైనా లోపమంటారా?

ఫోనులో టిక్‌టిక్‌ను విని వాచీ ఆరోగ్యం చెప్పే యాప్ ఉంది. ఆరోగ్యంగా ఉంటే తెర మీద రెండు గీతలు కలిసి ఒక్కటిగా నడుస్తాయి. నావి ప్రకాశం బ్యారేజీ దగ్గర ఏలూరు కాలువ, బందరు కాలువ విడిపోయినట్టు చెరో దిక్కుకు పోయాయి. పైగా డయలు కిందికి ఉన్నప్పుడే వాచీ నడుస్తోంది. టైము చూద్దామని తిప్పితే ఆగిపోతోంది.

"ఏరా, నా వాచీ ఏదీ?" అన్నారు నాన్నగారు నాలుగోసారి.

"సర్వీసింగ్‌లో ఉంది నాన్నా."

"మూడు వారాలా?"

"స్పెషల్ సర్వీసింగ్."

ఆయన ఖాళీ మణికట్టు ఒకసారి చూసుకుని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇంకో మాట చెప్పడం మరిచాను. వాచీ రిపేరు చేసినవాళ్ళు మూత లోపలివైపు సన్నగా ఒక గుర్తు గీకి, తేదీ వేయడం పాత ఆచారం. నాన్నగారి వాచీ మూతలో మూడు గుర్తులున్నాయి, చీమకాళ్ళంత, పొడి అక్షరాల్లో. నాలుగోది నాది. నేను చేసింది రిపేరు కాదు, సంస్కరణ. కాబట్టి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెలుగులో గుండ్రంగా చెక్కి, కింద తేదీ వేశాను. అది మొదటి ఆదివారం నాడే, ఉత్సాహంలో చేసిన పని.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి సికింద్రాబాదులో ఒక మెట్ల కింద కూర్చునే చాచా దగ్గరికి వెళ్ళాను. ఆయన భూతద్దం కంటికి తగిలించుకుని మూత తీసి పక్కన బోర్లాపెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు. కోసిన పలకల్ని చూశాడు. వంగపండు రంగు మరను చూశాడు. కిందిరాయిలో ఇత్తడి రజను ఉందన్నాడు.

"ఎవరు చేసిండ్రు సార్ దీన్ని?"

"ఎవడో తెలియదు చాచా. మా నాన్నగారు ఎక్కడో ఇచ్చారు. ఇలాంటివాళ్ళను అసలు..." అని నేను కూడా బాధపడ్డాను.

"చేయి నరకాలె," అన్నాడు చాచా శాంతంగా.

"నరకాలి," అన్నాను.

ఆయన మూత తీసి వెల్లకిలా తిప్పి, వెలుతురుకు పెట్టి చూశాడు. మొదటి గుర్తు చూసి తల ఊపాడు. రెండోది చూసి, "మా ఉస్తాద్‌ది," అని మూతను నుదుటికి తాకించుకున్నాడు. మూడోది దాటాడు. నాలుగోదాని దగ్గర ఆగి, పెదాలు కదిలిస్తూ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు. మూతను గాజుపెట్టెలో జాగ్రత్తగా పెట్టి, చీటీల పుస్తకం తీసి, పెన్ను మూత విప్పాడు.

"పేరు చెప్పండి సార్, చీటీ రాస్తా."

మా బావమరిది పేరు చెప్పాను.