తెలియకపోవడానికే ఫీజు

అకౌంటెంట్లు ఎన్ని రకాలు అంటే బీకాం పుస్తకాల్లో ఫైనాన్షియల్, కాస్ట్, మేనేజ్‌మెంట్ అని ఏవేవో రాసుంటాయి. పరీక్షకు పనికొస్తాయి లెండి. విజయవాడ వన్‌టౌన్‌లో ఏ బట్టల హోల్‌సేల్ కొట్లోనైనా అరగంట కూర్చుంటే అసలు లెక్క తేలిపోతుంది: వ్యాపారం గురించి నిజం ఎంత ఎక్కువ తెలిస్తే ఆ మనిషికి ముట్టేది అంత తక్కువ.

అన్నిటికంటే కింద గుమస్తా గారుంటారు. కచ్చా బిల్లు మీద వెళ్లిన సరుకెంతో, పక్కా బిల్లు మీద వెళ్లిందెంతో, ఓనరు గారి అల్లుడి కారు డీజిల్ ఏ పద్దులో కలిసిందో ఆయనకు నోటికొచ్చు. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లు ఆ ఖర్చు ఒప్పుకోరు కదా, అందుకని ముఠామేస్త్రి వరసగా ఐదు రోజులు సరిగ్గా 9,900 చొప్పున పుచ్చుకున్నట్టు ఐదు వోచర్లు రాసిందీ ఆయనే, అదీ ఒకే మధ్యాహ్నం, మూడు రకాల పెన్నులతో. లెక్కలు రాసే ఒకే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లోంచి మూడు బ్యాలెన్స్ షీట్లు తీస్తారు. బ్యాంకుకు చూపించే దాంట్లో కొట్టు కళకళలాడుతుంటుంది, ఇన్‌కమ్‌ట్యాక్స్‌కు ఇచ్చేది చూస్తే చందాలు వేసుకుని ఆదుకోవాలనిపిస్తుంది, మూడోది ఓనరు గారి తమ్ముడి కోసం, వాటా అడగాలన్న ఆలోచనే రాకుండా. ఇంత విద్య ఉన్న మనిషి జీతం చెప్పాలంటే దసరాకిచ్చే బట్టల జత కూడా కలిపి చెప్పాలి.

ఆయన మీద జీఎస్టీ కన్సల్టెంట్. 2017లో జీఎస్టీని జులై 1న తెచ్చారు. సీఏల, అంటే చార్టర్డ్ అకౌంటెంట్ల దినోత్సవం కూడా ఆరోజే, ఇంత పసందైన పండగ కానుక ప్రభుత్వం ఇంకే వృత్తికీ ఇచ్చి ఉండదు. ఈయనకు తెలిసిన నిజం వాట్సాప్‌లో వచ్చిన బిల్లుల ఫొటోల మేరకే, అందులో సగం మసక. నెలనెలా 11కి ఒక రిటర్ను, 20కి ఇంకోటి. 20వ తేదీ సాయంత్రం సైటు ఎలాగోలా తెరుచుకుంటుంది, ఓటీపీ వెళ్తుంది, ఫోను తిరుమలలో డిపాజిట్ కౌంటర్లో ఉంటుంది, ఓనరు గారు క్యూలో గోవిందలు కొడుతుంటారు. తర్వాత లేట్ ఫీజు రోజుకు 50 రూపాయలు. తప్పు కన్సల్టెంట్‌దే.

కాస్ట్ అకౌంటెంట్ ఏ సరుకు మీద నష్టపోతున్నామో చెప్తాడు కాబట్టి ఆయన్ని ఎవరూ పిలవరు.

ఇక ఆడిటర్ గారు. వోచర్లకు టిక్కులు పెట్టేది ఆర్టికల్‌షిప్ (సీఏ కావడానికి చేసే శిక్షణ) చేస్తున్న పిల్లలు, టీ ఖర్చు 40 రూపాయలకు రసీదు లేదని పట్టుకునేదీ వాళ్లే. సంతకం మాత్రం ఆయనది. ఈ లెక్కలు వాస్తవంగా, సముచితంగా ఉన్నాయని ఆయన అభిప్రాయం చెప్తారు, అభిప్రాయం అన్నాక చర్చేముంది? ఆ ఫీజు లెక్కలు తెలిసినందుకు ఇచ్చేది కాదు, రేపు ఏదైనా అయితే మాకేం తెలియదనే హక్కు కోసం ఇచ్చేది.

ఆ హక్కు ఒక్కోసారి కోర్టులో చెల్లదు. సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారే ఉత్తరం రాశారు. అప్పటిదాకా ఆడిటర్ల సంతకాలు ఏటా టంచనుగా పడ్డాయి. 2015లో హైదరాబాద్ కోర్టు శిక్ష వేసిన పదిమందిలో కంపెనీ డబ్బు వ్యవహారాల పెద్ద సీఎఫ్‌ఓ ఉన్నారు, ఫైనాన్స్ ఉద్యోగులున్నారు, లోపలి ఆడిటర్ ఒకరు, బయటి ఆడిటర్లు ఇద్దరు ఉన్నారు. అప్పీలుకు వెళ్తే బెయిలొచ్చిందనుకోండి. అయినా అకౌంటెంట్ల రకాలు నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు బీకాం పుస్తకం కంటే ఆ తీర్పే నయం.

ప్రభుత్వం ఊరుకోలేదు. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు ఎప్పుడు మార్చారో నమోదై తీరాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. రూలు కంపెనీలకే కాబట్టి, కొట్టును ప్రైవేట్ లిమిటెడ్ చేద్దామని ఏళ్లుగా కలలు కంటున్న మా ఓనర్లందరికీ సొంత పేరు మీద వ్యాపారమే సంప్రదాయం అని ఒక్కసారిగా గుర్తొచ్చింది.

నాదొక సూచన. ఆడిటర్ సంతకం కింద గుమస్తా సంతకం కూడా తప్పనిసరి చేయాలి. వన్‌టౌన్‌లో ఒకాయన ముందు ఈ మాట అంటే ఆయన హడలిపోయాడు. "గుమస్తా సంతకం పెడితే బ్యాంకోడు అప్పిస్తాడా అండీ?"