మూడు తులాల జీడిపప్పు

పర్లాకిమిడిలో జీడిపప్పుని మందుగా చూసిన పాపాన ఎవరూ పోలేదు. పులిహోరలో కనబడాలి, కొత్తల్లుడి విస్తట్లో మరికాస్త ఎక్కువ కనబడాలి, పక్కింటి ఒడియావాళ్ల ఖిరిలో మన పాయసంలోకన్నా ఎక్కువ కనబడితే లోపల చిన్న మంట పుట్టాలి. అంతవరకే దాని పని. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఇంకాస్త పోతే పలాస, ఇటు తిరిగితే గజపతి జిల్లా కొండల్లో జీడితోటలు. 1936లో ఊరు ఒడిశాలోకి వచ్చేసింది గానీ చుట్టాలూ జీడిపిక్కలూ ఇప్పటికీ హద్దు దాటి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఇంత చేతికందే దాంట్లో మందు ఉందంటే ఎవరు నమ్ముతారు? మందన్నాక దూరం నుంచి రావాలి, చేదుగా ఉండాలి, బిల్లు చూస్తే కళ్లు తిరగాలి.

మా బావ నమ్మాడు. ఆయన సర్కారు ఆఫీసులో లెక్కలు రాసి రాసి రిటైరైన మనిషి. అంకె కనబడేదాకా దేన్నీ నమ్మడు, కనబడ్డాక వదలడు. బరంపురంలో చెకప్ చేయించుకుంటే షుగరు కూడా మా ఊరిలాగే సరిహద్దు మీద ఉందని తేలింది. చెడు కొలెస్ట్రాల్ ఏకంగా దాటేసింది. నడుం కొలిచిన డాక్టరుగారు ఆ అంకె పైకి చదవకుండా టేపు చుట్టేసి, ఒడియావాళ్ల మర్యాద ప్రకారం "ఆజ్ఞా, సాయంత్రం తినే మిక్చరూ పకోడీలూ మానేసి, వాటి బదులు రోజూ గుప్పెడు పప్పులు తినండి. బాదం, అక్రోటు, జీడిపప్పు, ఏవైనా సరే. ఉప్పూ నెయ్యీ వద్దు" అన్నారు.

మానేసి, బదులు, వద్దు. ఇన్ని అడ్డంకులు దాటుకుని బావ చెవి దాకా వెళ్లినవి రెండే మాటలు: గుప్పెడు, జీడిపప్పు.

ఇంటికొచ్చి ఫోన్ పట్టుకున్నాడు. మర్నాటికల్లా మా వీధిలో ఇన్‌ఫ్లమేషన్ గురించి తెలియనివాడు లేడు. పాలబ్బాయిని కూడా ఆపి చెప్పాడు. "ఒంట్లో కంటికి కనబడని వాపు ఒకటుంటుందయ్యా. దెబ్బ తగిలితే వచ్చే వాపు నాలుగు రోజుల్లో పోద్ది. ఇది పోదు. ఏళ్ల తరబడి సన్నగా రగులుతా ఉంటాది. పొట్ట చుట్టూ కొవ్వు ఉందే, అదే దానికి మేత. రక్తనాళాల్లో పొరని పాడు చేస్తాది, ఇన్సులిన్ మాట కణాలు విననీకుండా చేస్తాది." పాలబ్బాయి తన పొట్ట వంక ఒకసారి చూసుకుని, "మరి పాలు ఎన్ని పొయ్యమంటారు బాబూ?" అన్నాడు.

చెప్పిందంతా నిజమే, అదే వచ్చిన చిక్కు. ఫ్రీ రాడికల్స్ అనే అల్లరి అణువులు కణాల్లో కొవ్వునీ ప్రొటీన్నీ పాడుచేస్తాయనీ, వాటి జోరు మన అదుపు తప్పితే దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారనీ, బాదంలోని విటమిన్ ఇ, పైతొక్కలోని పాలీఫినాల్స్ వాటిని కొంత అణచగలవనీ చదివాడు. అది చదివిన పూట మా అక్క నానబెట్టిన బాదం తొక్క తీసి చెత్తబుట్టలో వేస్తోంది. బావ బుట్ట ముందు గొంతుక్కూర్చుని తొక్కలు ఏరడం మొదలెట్టాడు. "ఓలమ్మో, ఇదేటి ఖర్మ" అని అక్క నాకు ఫోన్ చేసింది.

అసలు గొడవ గుప్పెడు దగ్గర వచ్చింది. ఎవరి గుప్పెడు? బావ అరచెయ్యి చేట. ఆయన గుప్పెడు తీస్తే డబ్బా అడుగు కనబడుతుంది. అక్క గుప్పెడు తీస్తే బావకి కన్నీళ్లు వస్తాయి. చాలా పరిశోధనల్లో రోజుకి ఇంచుమించు 30 గ్రాములు అని ఉందని నేనే చెప్పాను. స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనం ఒకటుంది, ప్రెడిమెడ్ అని. ఆలివ్ నూనె, కూరగాయలు, చేపలు ఉండే వాళ్ల ఊరి భోజనంతో పాటు 30 గ్రాముల పప్పులు ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు 30 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. బావ అక్కడితో ఆపి చప్పట్లు కొట్టాడు. కొన్నిచోట్ల జనాన్ని గుంపులుగా విడదీయడంలో పొరపాట్లు జరిగాయని 2018లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ వేసి, మళ్లీ అచ్చేశారు. ఫలితం ఇంచుమించు అదే వచ్చింది. ఆ సంగతి చెప్పబోతే, "వచ్చింది కదా, మరింకేటి?" అన్నాడు. స్పెయిన్‌లో ఇచ్చింది అక్రోటు, బాదం, హేజెల్‌నట్ అనీ, జీడిపప్పు కాదనీ నేను అంటే విన్నట్టు కూడా మొహం పెట్టలేదు.

జీడిపప్పు సాక్ష్యం కూడా ఉంది లెండి. చెన్నైలో 300 మంది షుగరు పేషెంట్ల మీద చేశారు, 2018లో అచ్చయింది. సగం మందికి 12 వారాల పాటు రోజుకి 30 గ్రాముల జీడిపప్పు పెట్టారు. పై బీపీ కాస్త తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ కాస్త పెరిగింది, బరువు పెరగలేదు. షుగరు మాత్రం తగ్గనూ లేదు, పెరగనూ లేదు. బావ 'తగ్గనూ లేదు' దగ్గర దగ్గి, మిగతాది గట్టిగా చదివాడు.

30 గ్రాములు తూచాలంటే ఇంట్లో కాటా లేదు. ఎదురింటి కంసాలిని అడిగితే బంగారం తూచే పాత మిషన్ ఇచ్చాడు. ఇస్తూనే అలవాటు కొద్దీ, "మూడు తులాలా బాబూ? తరుగు ఏమైనా వెయ్యాలా?" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో జీడిపప్పు తులాల్లోకి మారింది. అక్క సాయంత్రం మూడు తులాలు తూచి, చిన్న గిన్నెలో పోసి, బావ ముందు పెట్టి, మిగతా డబ్బా బీరువాలో గాజుల పక్కన పెట్టి తాళం వేసేది.

లెక్కల మనిషి ఊరుకుంటాడా? జీడిపప్పులో నంబర్లు ఉంటాయని మావైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. 180 నంబరంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, మించితే 180 పప్పులు తూగే లావు రకం. 320 అంటే సన్నం. 30 గ్రాములకి 180 రకమైతే 12 వస్తాయి, 320 రకమైతే 21. బావ కాగితం మీద వేసి చూసుకుని సన్నపప్పే కావాలన్నాడు. బరువు ఒకటే కదండీ అని అక్క అంటే, "నోట్లో వేసుకోడం 21 సార్లు వస్తాది" అన్నాడు. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంకో రోజు మరో ఆధారం దొరికింది. బాదంపప్పులో కొవ్వు కణాల గోడల వెనక చిక్కుకుని ఉంటుంది, అందులో కొంత అరక్కుండానే బయటికి పోతుంది. 28 గ్రాములకి లేబుల్ లెక్కలో 170 క్యాలరీల దాకా ఉంటే ఒంటికి పట్టేవి 129 అని అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు 2012లో కొలిచారు. "అంటే ఎంత తక్కువ నమిలితే అంత మంచిదన్నమాట" అని బావ తేల్చాడు. నమలకుండా మింగడానికైతే 320 నంబరు దేనికి, శనగపప్పు ఇస్తానని అక్క లేచింది. ఇంతా చేసి మిక్చరు పొట్లం రోజూ వస్తూనే ఉంది. పప్పులు దాని బదులు కాదు, దాని తర్వాత.

ఇలాగే నడిచిపోతే రాసేదేమీ లేదు. కానీ ఒకనాడు పప్పు కనరు వాసన కొట్టింది. కొవ్వు గాలికి ఆక్సీకరణ చెందితేనే ఆ వాసన వస్తుంది. "ఆక్సిడేషన్ ఆపుతాదని తింటుంటే ఇదే ఆక్సిడైజ్ అయిపోయిందిరా!" అని బావ లబలబలాడాడు. తాజా పప్పు కావాలి. తాజా అంటే పిక్క లోంచి అప్పుడే తీసింది. కొండ మీంచి సవర గిరిజనులు జీడిపిక్కలు తెచ్చే రోజులు. సంచీడు కొనుక్కొచ్చాడు.

మా ఇంట్లో అంట్లు తోమే ముసలమ్మ వయసులో ఉండగా పలాసలో పిక్కలు కొట్టింది. ఆవిడ సంచి చూసి, "ఇయి ఇంటికాడ కాల్చీవి కావు బాబూ. సేతులకి నూనో బూడిదో రాసుకుని కొట్టీవోళ్లం. అయినా ఏళ్లు నల్లగా అయిపోయీవి" అని వేళ్లు చూపించింది. బావ ఆవిడకి విటమిన్ ఇ గురించి చెప్పాడు.

అక్క గుడికి వెళ్లిన సమయం చూసి పెరట్లో మూడు రాళ్లు పెట్టి మురుకులు వేయించే మూకుడు ఎక్కించాడు. పిక్కలు పోసి అట్లకాడతో కలుపుతున్నాడు. కాసేపటికి పెంకు ఉబ్బింది. బొడుపు దగ్గర నల్లటి జిగురు నూనె బుడగలు బుడగలుగా ఊరింది. ఆ తర్వాత చిట్ మని ఒక చుక్క ఎగిరింది. బావ ఏమైందా అని మూకుడు మీదకి వంగాడు. అక్కడి నుంచి దీపావళే. చిటపటలు, మంట, నల్లటి పొగ. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, ఆ తువ్వాలే భుజాన వేసుకున్నాడు. చల్లారిన పిక్క ఒకటి తీసుకుని రాయి కోసం వెతికి, రాయి దొరక్క, పళ్లతో కొరికాడు.

జీడీ మామిడీ ఒకే కుటుంబం. మామిడిసొన తగిలి మూతి పొక్కని బాల్యం మన వైపు ఎవరికీ ఉండదు. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడీ ఆ ఇంటిదే. పిక్క పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి, తగిలినచోట తోలు ఊడుతుంది. పప్పు అమాయకురాలు, పెంకే రాక్షసి. ఒట్టి నీళ్లకి ఆ నూనె పోదు, వెంటనే సబ్బు పెట్టి కడుక్కోవాలి. బావ మూడో రోజు మధ్యాహ్నానికి గానీ సబ్బు ముట్టుకోలేదు. పిక్కల లెక్క రాసుకుంటున్నాడు.

మొహం అప్పటికే పూరీలా పొంగింది. పై పెదవి ముక్కుని అందుకుంది. ఒక కన్ను మూసుకుపోయింది. బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసిన మేనల్లుడు, "నాన్నా, ఫోన్ కొంచెం దూరంగా పెట్టు, మొహం పెద్దదిగా కనబడుతోంది" అన్నాడు. బావ చెయ్యి చాచి దూరంగా పెట్టాడు. అయినా పెద్దదిగానే కనబడింది.

ఇక్కడే విధి ఆడుకుంది. పప్పులు ఒంట్లో వాపుని తగ్గించాయని రుజువు చేయడానికి బావ ఆ వారమే రక్తపరీక్షకి డబ్బు కట్టి ఉన్నాడు. హెచ్‌ఎస్-సీఆర్‌పీ అని, లివర్ తయారుచేసే ప్రొటీన్, లోపల వాపు ఉంటే పెరుగుతుంది. 1 కన్నా తక్కువైతే మంచిది, 3 దాటితే గుండెకి రిస్కు, 10 దాటితే ఎక్కడో పుండో జ్వరమో ఉందని అర్థం. కట్టిన డబ్బు పోగొట్టుకునే అలవాటు ఆయనకి లేదు. పొక్కులు చిదిమి చీము పట్టిన మొహంతో వెళ్లి రక్తం ఇచ్చాడు. 14 వచ్చింది.

డాక్టరుగారు కాగితం చూశారు, బావని చూశారు, మళ్లీ కాగితం చూశారు. "ఆజ్ఞా, దీనికి టెస్టు ఎందుకండీ, నాకు ఇక్కణ్నుంచే కనబడుతోంది." పుండ్లు మానాక రెండు వారాలు ఆగి చేయించుకోమన్నారు, మాత్రలూ పూతమందూ రాశారు. పప్పులు తిన్నవాళ్లలో సీఆర్‌పీ కొన్ని పరిశోధనల్లో కాస్త తగ్గిందనీ, కొన్నిట్లో కదల్లేదనీ, చెడు కొలెస్ట్రాల్ తగ్గడానికి మాత్రం గట్టి ఆధారం ఉందనీ, అదీ మిక్చరు మానేస్తేనే అనీ ఓపిగ్గా చెప్పారు. అక్క ఆ చివరి ముక్క రెండోసారి చెప్పించుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఊరుకుంటారా? "ఏటయింది బాబూ మొహానికి?" అన్నారు. పెదవి అంత లావున ఉంటే ఎంత వివరంగా చెప్పగలడు? "జీడిపప్పు" అన్నాడు. అంతే. ఆ కబురు మా బస్సుకన్నా ముందే పర్లాకిమిడి చేరింది. రెండిళ్లలో పెళ్లికి రాసుకున్న సామాన్ల చీటీలోంచి జీడిపప్పు కొట్టేశారట. ఒకావిడ మనవడికి పెట్టిన ఖిరిలోంచి ఒక్కొక్కటీ ఏరి పారేసిందట.

మూడో నాడు బజారులో పప్పులు అమ్మే షావుకారు మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పొట్లం. "బాబూ, తమరు ఆ మొహం మానీదాకా బజారు వైపు రాకండి. పలాస సరుకు దింపాను, ఒక్కడు కొనడం లేదు. ఇదిగో, అరకిలో, నా తరపున."

బావ ఉన్న ఒక్క కన్నూ మెరిసింది. "అరకిలో అంటే పదహారు రోజులు... ఎన్నో నంబరు?" అన్నాడు.

"బద్ద బాబూ."

"బద్దా! బద్దకి లెక్క ఎలాగా?"

అక్క అప్పటికే లోపల్నించి కంసాలి మిషన్ తెచ్చి గడప మీద పెట్టింది. తూచి చూసి, "470 ఉంది" అని షావుకారు వైపు తిరిగింది.