మా వారికి చిన్నప్పుడే పోసింది

మా వారికి చిన్నతనంలోనే ఆటలమ్మ పోసిందన్నది, సంకల్పంలో గోత్రం చెప్పినంత ధీమాగా మా ఇంట్లో చెప్పుకునే విషయం. సాక్ష్యం కూడా ఉంది. ఎడమ కనుబొమ పైన చిన్న గుంట. పెళ్ళిచూపుల నాడు ఎవరూ అడగకముందే మా అత్తయ్యగారు దాన్ని మా అమ్మకు చూపించారు. "ఆటలమ్మ గుర్తు. ఇక జన్మలో రాదు" అన్నారు. ఉద్యోగం, డాబా ఇల్లు, ఎకరం మాగాణి, వాటి పక్కన ఈ గుంట కూడా ఒక అర్హతగా చేరింది.

మా వారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తారు. సీజన్‌లో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కొండలుగా పేరుకునే రోజుల్లో తుమ్ముతూ వెళ్ళి తుమ్ముతూ వస్తారు. ఆ తుమ్ములు తప్ప ఆయనకు వేరే జబ్బు లేదు. లేకపోవడానికి కారణం సహజ రోగనిరోధక శక్తి అని ఆయన సిద్ధాంతం. ఆ మాట కరోనా రోజుల్లో ఫోనులో నేర్చుకున్నారు. నేర్చుకున్నది వృథా పోకూడదు కనుక, మా బ్రాడీపేట అపార్టుమెంటులో లిఫ్టు ఎక్కిన ప్రతివారికీ దిగేలోపు బోధిస్తారు. ఉన్నవి నాలుగు అంతస్తులే కావడం వల్ల సిద్ధాంతం ఇంతవరకు ఎవరికీ పూర్తిగా అందలేదు.

ఆటలమ్మకు టీకా ఉంది. కానీ మన దేశంలో ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాలలో అది లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. కాబట్టి మా వారికి దాని మీద రెండు అభ్యంతరాలు. ఒకటి సిద్ధాంతం. రెండోదాన్ని ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. తకహాషి అనే జపాను డాక్టరు, 1964లో మూడేళ్ళ కొడుకు ఆటలమ్మ వచ్చి ఊపిరాడక అల్లాడడం చూసి, ఆ తరవాత పదేళ్ళకు 1974లో ఈ టీకాను తయారుచేశాడని నేను చదివింది చెప్పాను. "ఆ పిల్లవాడికి తగ్గిపోయిందా లేదా?" అని అడిగారు. తగ్గిందన్నాను. "మరి ఇంకేం!" అన్నారు. ఈ వాదనకు జపానులో కూడా జవాబు దొరకదు. మా అమ్మాయికి రెండు మోతాదులూ, ఆయన యార్డులో ఉన్న వేళ చూసుకుని వేయించేశాను. ఆ సంగతి నాకు తెలుసు, పిల్ల జబ్బకు తెలుసు.

ఈసారి ఉగాది వెళ్ళిన వారంలో పై అంతస్తులో ఉండే బాబుకు అమ్మవారు పోసింది. వాళ్ళ అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. అపార్టుమెంటులో సగం మంది మెట్లు వాడడం మొదలుపెట్టారు. మా వారు మాత్రం ఎదురుచూసిన శుభవార్త విన్నట్టు లేచి కూర్చున్నారు. ఆటలమ్మ చిన్నతనంలో వచ్చిపోవాలి, పెద్దయ్యాక వస్తే కష్టం, కాబట్టి మన అమ్మాయికి ఇప్పుడే అంటించుకుందాం అన్నారు. ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే. సోకిన పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లోపు పొక్కులు బయటపడతాయని తెలుసుకుని, క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు గీశారు. ఒంటిపూట బడులు, ఆ తరవాత పరీక్షలు, ఆ తరవాత ఆటలమ్మ, ఆ తరవాత వేసవి సెలవులు. చదువుకు ఒక్క రోజు నష్టం లేకుండా లెక్క సరిపోయింది.

అత్తయ్యగారికి ఇది నచ్చలేదు. "అమ్మవారు తనంతట తను రావాలి గానీ, మనం పైకి వెళ్ళి పిలుచుకురాకూడదురా" అన్నారు. నేను మాట్లాడలేదు. వారిస్తే టీకా సంగతి బయటపడుతుంది.

పై అంతస్తు ఆవిడ గుమ్మంలోనే ఆపింది. "లోపలికి రాకండి అన్నయ్యగారూ, పాపకు అంటుకుంటుంది" అంది. మా వారు "దానికోసమే వచ్చామమ్మా" అనలేక, "నాకు చిన్నప్పుడే పోసింది, భయం లేదు" అని కనుబొమ చూపించి, పిల్లను వెంటపెట్టుకుని లోపలికి నడిచారు. ముగ్గురూ క్యారమ్స్ ఆడారు. ఒక్క ఆటతో సరిపోతుందో లేదోనని మర్నాడు కూడా వెళ్ళారు. మూసిన గది, తిరిగే ఫ్యాను, గోక్కుంటూ స్ట్రైకర్ కొట్టే పిల్లవాడు. ఆటలమ్మ వైరస్ గాలిలో కూడా వ్యాపిస్తుంది. ఒకే ఇంట్లో కలిసి ఉండేవారిలో, ఇదివరకు రానివాళ్ళు పదిమంది ఉంటే తొమ్మిదిమంది దాకా అంటించుకుంటారు. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు.

పెన్సిలు గీతల మధ్యకు వచ్చేసరికి మా వారికి ఆత్రం ఎక్కువైంది. పొద్దున్నే పిల్ల నుదురు, మెడ, వీపు వెలుతురులోకి తిప్పి చూసేవారు. దోమ కుట్టినా ఆశపడేవారు. ఏమీ లేదు. పరీక్షలు అయిపోయాయి. పిల్ల బొద్దుగా, నున్నగా తిరుగుతోంది. "దీనికి పుట్టుకతోనే సహజ శక్తి ఉన్నట్టుంది, నా పోలిక" అని తేల్చారు.

ఆ సాయంత్రమే యార్డు నుంచి వచ్చి వీపు రుద్దమన్నారు. తేజ రకం కాయ దిగిందనీ, ఆ ఘాటు ఒంటికి పట్టిందనీ, ఒళ్ళునొప్పులు ఎండవల్ల అనీ ఆయనే చెప్పుకున్నారు. కొబ్బరినూనె రాసుకుని, అపార్టుమెంటు సంఘం సమావేశానికి వెళ్ళి, భయపడి మెట్లెక్కేవాళ్ళను మందలిస్తూ మాట్లాడి వచ్చారు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ ఇతరులకు అంటుకుంటుందన్నది ఆ సభకు తరవాత తెలిసింది.

తెల్లవారేసరికి ఛాతీ మీద ఎర్రటి మచ్చలు, మచ్చ మచ్చ మీదా నీటిబొట్టు నిలబెట్టినంత పలుచటి పొక్కు. మా అమ్మాయి దగ్గరగా వచ్చి చూసి, "నాన్నా, ఇవి పైనింటి అన్నకు వచ్చినవే" అంది. మా వారు "మిరపకాయ" అన్నారు. కొత్తపేట డాక్టరు గదిలోకి అడుగు పెట్టేదాకా ఆ మాట మీదే నిలబడ్డారు.

డాక్టరు ముందు పొట్ట మీద అరచేయంత మేర చూపించారు. అక్కడే ఒకటి అప్పుడే లేస్తున్న ఎర్ర మచ్చ, ఒకటి నీటిపొక్కు, ఒకటి పెచ్చు కట్టడం మొదలైనది. మూడు దశలూ ఒకేచోట కనిపిస్తే ఆటలమ్మేనన్నారు. "చిన్నప్పుడు వచ్చిందండీ" అని మా వారు కనుబొమ ముందుకు చాచారు. డాక్టరు వేలితో తడిమి, "ఇది దెబ్బ మచ్చ. అప్పట్లో కుట్లు వేయించాల్సింది" అన్నారు. ఒకసారి వచ్చినవారికి రెండోసారి రావడం అరుదని కూడా చెప్పారు. పెద్దవాళ్ళకు ఊపిరితిత్తుల దాకా పోయే ప్రమాదం ఉంది కాబట్టి రోజుకు అయిదుసార్లు చొప్పున వారం రోజులు మాత్రలు రాశారు. గోళ్ళు తీయించుకోమన్నారు, దురదకు క్యాలమైన్ పూయమన్నారు, పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా గడప దాటవద్దన్నారు. ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా రమ్మన్నారు.

ఇంటికి వచ్చాక అత్తయ్యగారి విచారణ మొదలైంది. ఆవిడ గోడ వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించారు.

"అప్పుడు మనం తెనాలిలో ఉన్నాం. ఒకడు బిళ్ళంగోడు ఆడి నుదురు చితక్కొట్టుకున్నాడు. వాడిని రేపల్లె అమ్మమ్మగారింటికి పంపించాం. వెళ్ళిన నాలుగు రోజులకు ఇక్కడ రెండోవాడికి అమ్మవారు పోసింది."

"రేపల్లె వెళ్ళింది ఎవరమ్మా?"

"నువ్వే."

"మరి నాకు పోసిందని ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పావు?"

"ఎవరికో ఒకరికి పోసింది కదరా!"

ఇలా నలభై ఏళ్ళుగా మా వారి ఒంట్లో ఉన్న సహజ రోగనిరోధక శక్తి ఒక్క పూటలో మా మరిది ఖాతాలోకి మారిపోయింది. మా మరిది కథ మరీ అన్యాయం. తనకు రాలేదని నమ్మి, ఎక్కడ ఆటలమ్మ అన్నా ఆ వీధికి కూడా వెళ్ళేవాడు కాదు. సొంత బావమరిది పెళ్ళికి అదే కారణంతో పోక, అత్తవారింట్లో ఏడాదిపాటు మాట పడ్డాడు. అదీ చాలక పోయిన ఏడాది విజయవాడలో రెండు మోతాదుల టీకా వేయించుకున్నాడు. విషయం తెలియగానే ఫోను చేసి, "వదినా, టీకా డబ్బులు అమ్మ ఇస్తుందా, అన్నయ్య ఇస్తాడా?" అని అడిగాడు.

తరవాత వంటింటి చట్టం అమలులోకి వచ్చింది. అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు వేయకూడదు, వేపుడు వేయకూడదు, కారం ఆ ఛాయలకే రాకూడదు. అన్నీ తినవచ్చని డాక్టరు అన్నారు నిజమే, కానీ ఆయన మా వంటింటికి రారు. గుంటూరులో పుట్టి, మిరపకాయల మధ్య ఉద్యోగం చేస్తూ, ఇడ్లీలో కూడా కారప్పొడి ముద్దచేసుకుని తినే మనిషికి మూడు పూటలా పెరుగన్నం, చప్పిడి పప్పు. పక్క ఫ్లాటులో ఇంగువ చిటపటమంటే అత్తయ్యగారు వెళ్ళి కిటికీ మూసేవారు. ఆయన లేచి వెళ్ళి తెరిచేవారు.

పై అంతస్తు ఆవిడ, తన కొడుకువల్లే ఇదంతా అని బాధపడి, గిన్నెడు ముద్దపప్పు పంపింది. అలవాటు కొద్దీ పైన నేతి తాలింపు వేసేసింది. పంపినదాన్ని తిప్పి పంపడం మర్యాద కాదు, తాలింపు పెట్టడం ఆచారం కాదు. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, చెంచా మొనతో ఆవాలు ఒక్కొక్కటీ ఏరి విస్తరాకు అంచున పెట్టారు. ఎండుమిరప ముక్క తీసేటప్పుడు మా వారు తల అటు తిప్పుకున్నారు. కరివేపాకు దగ్గర ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. అది ఆకుకూర కిందికి వస్తుందన్నారు ఆయన. చెల్లలేదు.

క్యాలమైన్ పని మా అమ్మాయి తీసుకుంది. దూదిపుల్లతో పొక్కు పొక్కుకూ గులాబీ రంగు చుక్క పెడుతూ, వీపు మీద 2022లో చేసిన 26 జిల్లాలూ గుర్తించానని చెప్పింది. రాజధాని ఎక్కడ పెట్టాలన్న దగ్గర తండ్రీకూతుళ్ళకు కుదరలేదు. "నీకెందుకు రాలేదే?" అని ఆయన అడిగిన రోజున, పిల్ల నా వైపు చూసి, "అమ్మ సూది వేయించిందిగా" అనేసింది. అప్పటికి ఆయన వాదించే ఓపికలో లేరు. గోక్కోవడానికి గోళ్ళు కూడా లేవు.

రెండోసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు మా వారు ఒక్క ఊరట కోసం అడిగారు. ఇప్పుడైనా నాకు శక్తి వచ్చినట్టేనా అని. వచ్చినట్టేనన్నారు డాక్టరు. ఆటలమ్మ మళ్ళీ రావడం అరుదు, కానీ ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల మొదళ్ళలో నిద్రపోతుంది, వయసు మళ్ళాక కొందరిలో లేచి సర్పి అనే నొప్పి పొక్కులుగా బయటపడుతుంది అన్నారు. మా వారు దిగాలుపడ్డారు. ఈ మాట వినగానే అత్తయ్యగారి మొహం వెలిగింది. "నేను చెప్పేది అదే కదా! పెద్దమ్మవారు లోకంలోంచే వెళ్ళిపోయింది. ఈ తల్లి మాత్రం ఎక్కడికీ పోదు" అన్నారు. ఆవిడ జబ్బ మీద మశూచి టీకా మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మశూచి ప్రపంచం నుంచే పోయిందని 1980లో ప్రకటించారని డాక్టరు చెప్పబోతే, తనకు ముందే తెలుసన్నట్టు తల ఊపారు.

పెచ్చులు రాలి, వేపాకులూ పసుపూ వేసి ఎండలో పెట్టిన నీళ్ళతో ఆయనకు తలారా స్నానం అయిన రోజున విజయవాడ నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. అన్నల సంగతి విన్నప్పటి నుంచి ఆవిడకు నిద్ర లేదు.

"అమ్మా, మరి నాకు చిన్నప్పుడు ఏమేం వచ్చాయి?"

"నీకు గవదబిళ్ళలు."

"అవి చిన్నన్నయ్యకు కదా వచ్చాయి?"

అత్తయ్యగారు మళ్ళీ గోడ వైపు చూశారు. "అయితే నీకు తట్టు. అది కాకపోతే తెనాలిలో పక్కింటి పిల్ల ఉండేది, దానికీ నీకూ ఒకే రంగు గౌను."

మా ఆడపడుచు మర్నాడే వెళ్ళి ఆటలమ్మ టీకా మొదటి మోతాదు వేయించుకుంది. నాలుగు వారాల తరవాత వేయించుకోవాల్సిన రెండోదానికి తేదీ కూడా రాయించుకుని, ఆ కార్డు ఫోటో తీసి తల్లికి పంపింది. అత్తయ్యగారు ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, బాగా చూసి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఇది మన ముగ్గురిలో ఎవరిది?"