ఎడమ చక్రం హబ్బు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మా పాత ట్రాక్టరు ట్రక్కు ఎడమ చక్రం హబ్బు గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము. ధాన్యం కళ్లంలో ఉంది, మబ్బు నెత్తిమీద ఉంది, ఇరుసు మీద తిరుగుతూ చక్రాన్ని మొయ్యాల్సిన తమరేమో అంచు పగిలి గోతంలో ఉన్నారు. తమరి క్షేమం కోరడానికి మనసు రావడం లేదు, మన్నించగలరు.

ఈ రోజు మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. నిన్న రాత్రి తమరి ఫొటో పంపితే ఆటోనగర్‌లో ఒక కుర్రాడు చూసి, "ఆరు స్టడ్డులు, పదహారు సైజు డిస్కు. అచ్చం ఇదే ఉంది బాబాయ్, వచ్చెయ్. తీసి పక్కన పెడతా" అన్నాడు. (స్టడ్డులంటే తమరి అంచు మీది మర బోల్టులు, డిస్కంటే వాటికి నట్లతో బిగించే చక్రం రేకు.) ఆ మాట పట్టుకుని, తమరిని బండి ముందు పెట్టుకుని, స్టెప్నీ డిస్కును వెనక తాడేసి కట్టుకుని, కరకట్ట మీద గుంటలన్నీ మోకాళ్లతో లెక్కపెడుతూ విజయవాడ వెళ్లాను. పక్కన పెట్టిన హబ్బును ఆ అబ్బాయి ఇనప గుట్టలోంచి గంటసేపు వెతికి తీశాడు. సరే, దొరికింది కదా అనుకున్నాను. చూపులకు తమరి కవలే. ఆరు స్టడ్డులు, అదే పొట్ట, అదే తుప్పు.

డిస్కు ఎత్తి దాని మీద పెట్టాం. రెండు స్టడ్డులు బెజ్జాల్లోంచి బుద్ధిగా బయటికొచ్చాయి. మూడోది సగమే కనిపించింది, నెలవంకలాగా. అవతలి వైపువి అసలు కనిపించనే లేదు. ఆ అబ్బాయి డిస్కును అటు తిప్పి పెట్టాడు, ఇటు తిప్పి పెట్టాడు. ఎలా తిప్పినా ఏవో రెండు ఎక్కుతాయి, నాలుగు మొరాయిస్తాయి. చివరికి సుత్తి అందుకుని, "నాలుగు దెబ్బలేస్తే కూర్చుంటది బాబాయ్, ఎక్కుద్ది" అన్నాడు. యాభై బస్తాలు మొయ్యాల్సిన చక్రమది. బస్తాకు 75 కిలోలు. సుత్తితో కూర్చోబెట్టినది గేదెల మడుగు దగ్గర లేచి నిలబడితే నేనేం చెయ్యాలి?

అప్పుడు టేపు తీసి కొలిచాను. ఆరు స్టడ్డుల హబ్బుకి ఇదొక్కటే సుఖం. పక్కపక్క స్టడ్డుల నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి ఎంతుందో చూసి రెట్టింపు చేస్తే పీసీడీ, అంటే స్టడ్డులన్నిటి నడిబొడ్డుల మీదుగా పోయే వలయం వ్యాసం, వచ్చేస్తుంది. ఎనిమిది స్టడ్డులైతే 2.613తో, పదైతే 3.236తో గుణించాలి. అతని హబ్బుకి 102.5 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే పీసీడీ 205. లోకంలో నలుగురూ వాడే కొలత. తమరిది 99. అంటే 198.

నూట తొంభై ఎనిమిది! మహాప్రభో, ఇది ఏ దేశపు కొలత? మిల్లీమీటర్లలో ఎవరూ వాడరు. పోనీ పాతకాలపు సరుకు కదా, అంగుళాల్లో ఉంటుందేమోనని లెక్కేశాను. ఏడు ముప్పావుకి ఎక్కువ, ఎనిమిదికి తక్కువ. తమరిని తయారుచేసిన మహానుభావుడు ఆ రోజు డ్రిల్లు మిషన్ కింద చేతికి దొరికిన ఏ పళ్లాన్నో బోర్లించి చుట్టూ సుద్దముక్కతో గీసుకున్నాడని నా అనుమానం. ఆ గీత మీద ఆరు బెజ్జాలు కొట్టాడు. దానికి తగ్గట్టు డిస్కులోనూ కొట్టాడు. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. ప్రపంచంలో ఇంక దేనికీ సరిపోవు.

పోనీ వెళ్లి ఆయన్నే అడుగుదామా? తమరు పుట్టిన వెల్డింగ్ షాపులో ఇప్పుడు కర్రీ పాయింట్ నడుస్తోంది.

నన్ను దహించేది పగులు కాదు. ఇనుము అన్నాక పగులుతుంది. సీలు పోయింది, బోదెలో నీళ్లు లోపలికెళ్లాయి, గ్రీజు కడుక్కుపోయింది, బేరింగు బిగుసుకుంది, నట్లు వదులయ్యాయి, తమరు విరిగారు. అంతవరకూ న్యాయమే. తమరి ఒంటి మీద ఒక్క అంకె కూడా లేకపోవడమే నేను మింగలేకపోతున్నాను. తిరగేసి చూశాను, వైరు బ్రష్షుతో రుద్ది చూశాను, కిరసనాయిలు పోసి కడిగి చూశాను. ఏమీ లేదు. అదే కిరసనాయిల్లో తమరి కడుపులోంచి తీసిన బేరింగును కడిగితే, మసి కిందనుంచి 32210 అని నిగనిగలాడుతూ పైకొచ్చింది. చూసి నేర్చుకోండి! చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి వ్యాసం, 50 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 90. ఈ నంబరు గుడివాడలో చెప్పినా, జర్మనీలో చెప్పినా ఒకటే వస్తువు చేతిలో పెడతారు. చచ్చిపోయి ముక్కలైన బేరింగు కూడా తన పేరు తను చెప్పుకుని మరీ పోయింది. ముక్కలు కాకుండా మిగిలిన తమరికి నోరు లేదు.

(అన్నట్టు, బేరింగుల కొట్టతను ముందు 30210 ఇవ్వబోయాడు. "రెండూ ఒకటే" అట. లోపల 50, బయట 90, నిజమే. మందం మాత్రం 24.75కి బదులు 21.75. ఆ మూడు మిల్లీమీటర్ల సందుతో నాలుగురోజులు తిరిగితే కొత్త హబ్బు కూడా తమరి దారే పడుతుంది. జాగ్రత్తగా పెట్టె మీద అంకె చదివి తీసుకోండి, ఎవరైనా సరే.)

ట్రక్కు ఛాసిస్ మీద మాత్రం నంబరు ఎంచక్కా కొట్టారు. రిజిస్ట్రేషన్ అప్పుడు అడుగుతారు గనక. నిన్ను ఎవరూ అడగరు గనక కొట్టలేదు. అంతే కదా! ఆ పంచ్ చేతిలోనే ఉందిగా, ఇంకో మూడు దెబ్బలు, ఒకటి, తొమ్మిది, ఎనిమిది! చేతులు పడిపోయాయా? ఇన్నేళ్లూ ధాన్యం మోశావు, ఇసక మోశావు, పుష్కరాలకి ఊరు ఊరంతా నీ మీదే వెళ్లొచ్చింది. నీ కొలత ఏమిటో ఒక్కడూ రాసి పెట్టలేదు. నువ్వు విరిగాక నేను టేపు పట్టుకుని ఎండలో నిన్ను పొర్లించుకుంటూ కనిపెట్టాలా?

క్షమించాలి. గోతం వైపు చూస్తే ఆవేశం వచ్చింది. మళ్లీ గారు అంటాను.

తమరి మూలంగా నాకు దొరికిన సలహాలు కూడా మనవి చేసుకుంటాను. మా బావగారు, "ఇరవై సైజు లారీ చక్రం వేసెయ్, జన్మకి పోదు" అన్నారు. ఎడమవైపు ఇరవై, కుడివైపు పదహారు. వేస్తే ట్రక్కు కుడివైపుకి ఒరిగి, వెనక వచ్చేవాళ్లకి దణ్ణం పెడుతూ వెళ్తుంది. కొత్త ట్రక్కులమ్మే ఆయన అసలు గోతం విప్పనివ్వలేదు, లోను కాగితాలు తీశాడు. ఫోన్లో వెతికితే ఒకచోట "అన్ని ట్రాలీలకూ సరిపోవును" అని ఉంది. అన్నింటికీ సరిపోయే హబ్బును కనిపెట్టినవాడికి నేనే సన్మానం చేయిస్తాను, ముందు 198కి ఎక్కించి చూపించమనండి.

గ్యాస్ కట్టరాయనది మరీ ఘోరం. స్టెప్నీ డిస్కు బెజ్జాల్ని కాస్త సాగదీసి ఇస్తానన్నాడు. బెజ్జం సాగితే నట్టుకుండే శంకువు లాంటి మూతి అందులో ఒరుసుకుని కూర్చోదు, బరువంతా స్టడ్డు మీద పడుతుంది, రోజూ కొంచెం కదిలి కదిలి ఒకరోజు ఠాప్‌మంటుంది. మా ఎడమ డిస్కు పోయింది అలాగే. సాగదియ్యడానికి వేరే డబ్బులిచ్చుకోవాలా, తమరు ఉచితంగానే సాగదీశారు కదా.

దారిన పడేసింది మాత్రం లేతు మేస్త్రి ఒక్కడే. పెద్దాయన. తమరిని కాలితో ఒకసారి దొర్లించి, "పాత బెజ్జాలు వెల్డింగుతో పూడ్చి కొత్తవి కొట్టమంటే కొడతాను. కానీ కొట్టను. దీనిమీద మనుషులు ఎక్కుతారు" అన్నాడు. తర్వాత నాలుగు కొట్ల అవతల ఎవరో విప్పిన ట్రక్కు ఉందని చెప్పాడు. వెళ్లి చూస్తే, హబ్బూ డిస్కూ జంటగా, బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. లోపలి బేరింగు 32210 సరిగ్గా కూర్చుంది. బయటి బేరింగు కప్పు దిగడానికి మేస్త్రి లేతు మీద పెట్టి కాస్త కోశాడు. కొబ్బరి చెక్కు రాలినట్టు మెరుస్తూ ఇనప రజను రాలుతుంటే, మధ్యాహ్నం నుంచి మొదటిసారి టెన్షన్ తగ్గింది.

ఎనిమిది స్టడ్డులవి. ఏ కాలంనాటి లారీ ఎడమ చక్రం తాలూకో, నట్లకి రివర్సు మర. పంచర్ల కుర్రాడు అలవాటు కొద్దీ మామూలుగా విప్పబోయి విరిచేస్తాడని, డిస్కు మీద తెల్ల పెయింటుతో బాణం గుర్తు వేయించాను. పీసీడీ కూడా కొలిచి, మేస్త్రి చేత హబ్బు అంచున అంకెలు కొట్టించాను. ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వాడు, కొట్టించాను.

కాబట్టి రేపటి నుంచి మా ట్రక్కుకి ఎడమవైపు ఎనిమిది, కుడివైపు ఆరు. స్టెప్నీ కుడివైపుకే పనికొస్తుంది. ఎడమవైపు పంచరైతే అక్కడే చెట్టు చూసుకుని కూర్చోవడమే. తమరిని పాతినప కొట్లో వేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. అలాగని ప్రేమ అనుకోవద్దు. లోకంలో ఇంకా 198 పీసీడీ వాడేది కుడివైపున్న తమరి తోబుట్టువు ఒక్కటే. దాని స్టడ్డుల్లో ఏదైనా పోతే నీలోంచి పీకాల్సిందే.

దానికి కూడా ఒక మాట చెప్పి పెట్టండి. నిన్న ఖాళీ ట్రక్కు లాగుతుంటే కుడివైపు నుంచి కీచుమని వినిపించింది. ధాన్యం మిల్లుకి చేరేదాకా ఓపిక పట్టమనండి. తర్వాత దాని ఇష్టం.

ఇట్లు,
తమరిని రోజంతా మోసినవాడు